కొత్తపేట ఇంట్లో నేను కట్టించిన గోడ

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊరవతలికి తరలిపోయిన మరుసటి వేసవిలో, మామిడికాయల కాలంలో, నా ఏడో సినిమా షూటింగ్ కొత్తపేటలో మొదలైంది. అప్పటికి నేను పేరుమోసిన కుటుంబ చిత్రాల దర్శకుణ్ణి. ఆరు తీస్తే ఆరూ ఆడాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో నా సినిమా మ్యాట్నీ వదిలాక ఆడవాళ్ల చీరకొంగులు పిండితే మూసీకి వరదొస్తుందని నేనే చెప్పుకు తిరిగేవాణ్ణి. కథ మాత్రం ప్రతిసారీ ఒకటే. కలిసున్న కుటుంబం విడిపోతుంది, చివర్లో కలుస్తుంది, మధ్యలో ఒక పెళ్లిపాట.

ఏడోదాంట్లో అన్నదమ్ములు హాలు మధ్యన గోడ కట్టుకుంటారు. క్లైమాక్స్‌లో అన్న దాన్ని పగలగొడతాడు. స్టూడియోలో సెట్ వేద్దామని ఆర్ట్ డైరెక్టర్ అన్నాడు. నాకేమో సహజత్వం అనే జబ్బు నెత్తికెక్కి ఉంది. మనుషులు నిజంగా కాపురముంటున్న ఇల్లే కావాలని పట్టుబట్టాను. అలా దొరికింది యాదగిరిగారి ఇల్లు.

యాదగిరి నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి బత్తాయిల కమీషన్ వ్యాపారంలో స్థిరపడ్డవాడు. తమ్ముడు సైదులు ఎల్బీ నగర్ నుంచి సూర్యాపేట వైపు ప్రైవేటు బస్సు నడిపేవాడు. యాదగిరి భార్య అండాలమ్మ ఈ మరిదిని నిక్కరు తొడుక్కునే వయసు నుంచి పెంచింది. సైదులు భార్య సుజాతది తెనాలి. నలుగురికీ ఒకే వంటిల్లు, ఒకే పొయ్యి. పన్నెండు రోజులకు ఒప్పందం రాసుకున్నాం. షూటింగ్ జరిగినన్నాళ్లూ వాళ్లు ఇంట్లోనే వేరే గదుల్లో ఉండాలి, అయిపోయాక ఇల్లు ఎలా తీసుకున్నామో అలా అప్పగించాలి.

ప్లైవుడ్ చట్రానికి అట్టలు బిగించి, పైన ప్లాస్టర్ పూసి, ఇటుకల్లాగా రంగు వేసి మావాళ్లు గోడ లేపారు. అది ఎంత నిజంగా వచ్చిందంటే, రెండోరోజుకే ఒక బల్లి దానిమీద కాపురం పెట్టింది. వచ్చిన చిక్కల్లా వంటిల్లు అన్న వైపు పడటం. సుజాత వంటింట్లోకి వెళ్లాలంటే వాకిట్లోకి దిగి, సందులోంచి చుట్టూ తిరిగి, వెనక తలుపు తట్టాలి. పాపమని మా ప్రొడక్షన్ మేనేజరు తమ్ముడి వైపుకి ఒక గ్యాస్ పొయ్యి పంపించాడు.

పన్నెండు రోజుల పని సజావుగానే సాగింది. క్లైమాక్స్ ఒక్కటి మిగిలింది. ఇంతలో అన్న వేషం వేసే నటుడు వేరే సినిమాకి వెళ్లి బొడ్డుదాకా గడ్డం పెంచాడు. ఇలా మిగిలిపోయిన షాట్లను తర్వాత ఒకచోట చేర్చి తీయడాన్ని మేం ప్యాచ్‌వర్క్ అంటాం. అందాకా సెట్టు అంగుళం కదలకూడదు. విప్పి మళ్లీ కడితే పాత షాట్లలోని మరకకీ కొత్త మరకకీ పొంతన కుదరదు. కాబట్టి గోడ అలాగే ఉంచమన్నాను. మనుషులుంటున్న ఇంట్లో.

మొదట అండాలమ్మ ఎల్బీ నగర్‌లోని మా ఆఫీసుకి వచ్చింది.

"సారూ, గా గోడ ఎప్పుడు తీస్తరు? మా సైదులు వారం సంది నా చేతి కూడు తినలే."

"రెండ్రోజులక్కా."

"మొన్న గూడ గదే అంటిరి. మీ రెండ్రోజులకు క్యాలెండర్ల తారీఖు ఉంటదా, ఉండదా?"

పడీపడీ నవ్వి, ఆ మాట రాసుకోమని కో-డైరెక్టర్‌కి చెప్పాను. సినిమాలో పెట్టాం కూడా. థియేటర్లో చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

గోడకి చెమ్మ తగిలిందేమో చూద్దామని ఒకరోజు వెళితే సుజాత కాఫీ ఇచ్చింది. "పెళ్లయిన ఆరేళ్లకి నా పొయ్యి మీద, ఎవర్నీ అడక్కుండా పెట్టుకున్న కాఫీ అండీ ఇది. మాకు తొందరేం లేదు, మీరు నిదానంగా చూసుకోండి" అంది. కుటుంబాల మీద ఆరు సినిమాలు తీసినవాడికి ఆ మాట అర్థం కాలేదంటే ఎవరూ నమ్మరు. బాగానే అర్థమైంది. ఇటువైపు నుంచి ఒత్తిడి లేదు కదా, హమ్మయ్య అనుకున్నాను.

బోనాలు వెళ్లాక నటుడు గడ్డం తీశాడు. షాటు ఒక్క టేకులో వచ్చింది. అట్టలూ ప్లాస్టరూ ఎగిరిపడుతుంటే లైట్‌మెన్‌తో సహా అందరూ ఏడ్చారు. మానిటర్ వెనక నిలబడ్డ అండాలమ్మ కళ్లొత్తుకుని, తిన్నగా వంటింట్లోకి పోయి నలుగురికీ బియ్యం పోసింది.

మర్నాడు పొద్దున సైదులు ఆఫీసుకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, గోడ మల్ల కట్టియ్యిన్రి. నిజం గోడ. ఇటుకలతోని."

"మీ అన్నకి తెలుసా?"

"మీరు కడితె సినిమా పని అనుకుంటడు. నేను కడితె నేను కట్టినట్టయితది గద సార్."

అతను నన్ను బెదిరించలేదు. బెదిరింపు నా బుర్రలోనే పుట్టింది. మూడువారాల్లో విడుదల. ఉమ్మడి కుటుంబం మీద సినిమా తీస్తూ, నిజంగా కలిసున్న కుటుంబాన్ని చీల్చాడని ఏ చానెల్లోనైనా వస్తే నా చీరకొంగుల వరద అక్కడే ఇంకిపోతుంది. మధ్యాహ్నానికల్లా మేస్త్రీని పంపించాను.

సాయంత్రం చూడటానికి వెళ్లాను. గోడ నడుముదాకా లేచింది. యాదగిరి వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. అండాలమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది.

"ఇంకో షాటు ఉందక్కా" అన్నాను.

ఆమె వేలితో తడి వరసని తాకి చూసింది. "ఇది సిమెంటు గద సారూ. అప్పటిది అట్ట."

"ఈసారి క్లోజప్పక్కా. అట్టయితే తెలిసిపోతుంది."

నేను రాసిన డైలాగులన్నింట్లోకీ తడుముకోకుండా వచ్చింది అదొక్కటే. ఆమె చేతికంటిన సిమెంటు కొంగుకి తుడుచుకుంది. "ఎప్పుడు తీస్తరు" అని ఈసారి అడగలేదు.

సినిమా ఆడింది. విజయోత్సవానికి ఆ ఇంటివాళ్లని పిలిస్తే రెండు ఆటోల్లో వచ్చి, రెండు వరసల్లో కూర్చున్నారు.

తర్వాత నేను పెట్టుకున్న నియమం ఇది. మనుషులుంటున్న ఇంట్లో ఏం కట్టినా ఆ సాయంత్రమే విప్పించాలి. అలా వీలుకాని పనయితే స్టూడియోకి పోవాలి. తర్వాతి రెండు సినిమాలూ స్టూడియోలోనే తీశాను. రెండూ ఆడలేదు. మా వృత్తిలో రిటైర్మెంటు కాగితం ఎవరూ ఇవ్వరు, ఫోన్ మోగడం ఆగుతుంది. నాది అప్పుడే ఆగింది.