పదకొండో బిళ్ళ

సూదుల మాస్టారు పోయారని నేను చెబితే ఎవరూ నమ్మలేదు.

మొన్న సోమవారం పొద్దున్న, కలకత్తా దగ్గర మా రైల్వే ఊరి గోల్‌బజార్‌లో చేప కోయించుకుంటున్నాను. మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏయ్యా, మాస్టారు ఎల్లిపోయినారంట. టీ తాగి కుర్సీలో కూకున్నోరు అలాగే ఒరిగిపోయినారంట." చేప అక్కడే వదిలేసి సైకిలెక్కాను. దారిలో టీ కొట్టు దగ్గర మా వర్క్‌షాపువాళ్ళు నలుగురు కనిపిస్తే ఆగి చెప్పాను. ఒకడు గ్లాసు పెదవి దగ్గరే ఆపి, "సావు మీద కూడా ఏళాకోళమేనా? సిగ్గు నేదేట్రా నీకు?" అన్నాడు. ఇంకొకడు, "నిన్న సాయంత్రమే సూసినాను గదా ఆయన్ని, పో పో" అన్నాడు.

వాళ్ళ తప్పేం లేదు. ఒకడి అన్నం డబ్బా క్రేన్ కొక్కేనికి తగిలించి పైకి పంపినవాణ్ణి. ఇంకొకడికి బదిలీ ఆర్డరొచ్చిందని చెప్పి పెట్టె సర్దించినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు ఇలా బతికినవాడి నోట్లో చావు కబురు కూడా వేళాకోళంలాగే వినిపిస్తుంది. ఆ సంగతి నాకు మొదట తెలియజెప్పింది ఆ పోయినాయనే. అది చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఎనిమిదో తరగతి దాటని చెయ్యి, తప్పులుంటే సర్దుకోండి.

ఆయన మా వర్క్‌షాపు టూల్‌రూంలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగానే సెలవుల్లో కలకత్తా వెళ్ళి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. న్యూ సెటిల్‌మెంట్ కాలనీ వెనక, రైలుకట్టకి దగ్గరగా ఒక అద్దె ఇల్లు. ముందుగదిలో రెండు మంచాలు, మధ్య ఒక తెర, గోడకి ఒక చెక్క. ఆ చెక్క నిండా మేకులు.

ఆ చెక్క సంగతి ముందు చెప్పాలి. టూల్‌రూంలో పనిముట్టు ఊరికే ఇవ్వరు. మన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ మేకుకి తగిలించి తీసుకోవాలి. పనిముట్టు తిరిగిచ్చాక బిళ్ళ తిరిగొస్తుంది. మేకుకి బిళ్ళ వేలాడుతోందంటే బయట ఏదో ఉండిపోయిందన్నమాట. మాస్టారు ఈ పద్ధతే ఇంటికి తెచ్చుకున్నారు. ఒంట్లో ఒక సూది దిగితే చెక్క మీద ఒక బిళ్ళ ఎక్కాలి. సూది పైకొస్తే బిళ్ళ డబ్బాలోకి పోవాలి. "పెట్టడం ఎవడైనా పెడతాడురా, తియ్యడమే లెక్క" అనేవారు. గూడ్సు బండి పోయినప్పుడల్లా ఇల్లంతా కాస్త అదిరి, ఆ బిళ్ళలు చెక్కకి తగిలి టిక్కుటిక్కుమనేవి.

నాకు కుడి భుజం పట్టేసింది. చొక్కా వేసుకోవాలంటే మా ఆవిడ కావాలి, తల దువ్వాలంటే మా ఆవిడ కావాలి. రైల్వే డాక్టరు మాత్రలిచ్చాడు, వ్యాయామం చెప్పాడు. నాలుగు నెలలైనా చెయ్యి ఛాతీ దాటలేదు. అప్పుడు మాస్టారి గుమ్మం ఎక్కాను, సగం నొప్పితో, సగం ఎకసెక్కంతో.

ఆయన వెంటనే సూది తీయలేదు. అరగంట ప్రశ్నలు. నిద్ర ఎలా ఉంది, విరేచనం ఎలా ఉంది, షుగరుందా, రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడుతున్నావా, పొద్దున్న ఏం తిన్నావు. నాడి చూశారు. నాలుక చాపమన్నారు.

"నొప్పి బుజంలోన మాస్టారూ, నాలిక ఎందుకు?" అన్నాను.

"నీ నాలిక గురించి ఊరంతా సెప్పినారు. ఒకపాలి సూద్దామని."

ఎవరినైనా ఆయన ముందే చెప్పి ముట్టుకునేవారు. "ఇప్పుడు సీమ కుట్టినట్టుంటాది. తరవాత లోపల బరువుగా, తిమ్మిరిగా లాగుతాది, బయపడకు. మంటెక్కితే మాత్రం సెప్పు, తీసేస్తాను. ఇరవై నిమిషాలు కదలకు. నిద్రొస్తే పో. లేచినాక తల తిరగొచ్చు, ఐదు నిమిషాలు కూకుని ఎల్లు. రేపు ఓ దగ్గర నీలంగా కమిలితే నన్ను తిట్టుకోకు." ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగింది, కమిలిన మచ్చతో సహా. వెంట్రుకంత సన్నటి సూదులు. ప్రతిసారీ కొత్త పొట్లం చింపడమే, వాడిన సూది మూతడబ్బాలోకి పోవడమే.

రెండుసార్లయ్యాక, "ఏటి మాస్టారూ, సెయ్యి లెగనేదు" అన్నాను. "సూది దేవుడు కాదురా. ఆరేడుసార్లు సూడాలి. అప్పటికీ మార్పు నేకపోతే నానే పొమ్మంటాను. డాక్టరిచ్చిన మాత్ర మానినావంటే మాత్రం నా గుమ్మం ఎక్కకు" అన్నారు.

ఐదోసారి వెళ్ళిన రోజు నేను చేసిన పని ఇది.

తెర అవతలి మంచం మీద మా లెక్కల టీచరమ్మ బోర్లా పడుకుని ఉంది. నన్ను ఎనిమిదో తరగతిలో రెండేళ్ళు కూర్చోబెట్టిన మహాతల్లి. మెడనొప్పికి వచ్చేది. మెడ కింద, వీపు పైభాగాన పది సూదులు, చెక్క మీద పది బిళ్ళలు. నా సూదులు తీసేసి నన్ను ఐదు నిమిషాలు కూర్చోమన్నారు. లోపల ఫోను మోగితే మాస్టారు వెళ్ళారు. ఆవిడ మొహం తలగడలో ఉంది. నేను లేచి, బాగున్న ఎడంచేత్తో డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి, ఆవిడ వరసలో తగిలించాను. పదకొండు. మాస్టారు ఒక్క నిమిషం బుర్ర గోక్కుంటారు, ముగ్గురం నవ్వుకుంటాం. నేననుకున్నది అంతే.

ఇరవై నిమిషాలకి పెట్టిన గంట మోగింది. ఆయన వచ్చి ఒక్కో సూదీ తీస్తూ ఒక్కో బిళ్ళా డబ్బాలో వేశారు. సూదులు అయిపోయాయి. చెక్క మీద బిళ్ళ ఒకటి మిగిలింది.

ఆయన బుర్ర గోక్కోలేదు. చెక్కని చూసి, ఆవిడ వీపు చూసి, "టీచరమ్మా, కదలకండి" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఏమైంది మాస్టారూ?"

"ఏటీ నేదు. మీరు కదలకండి. ఊపిరి మెల్లిగా తీసుకోండి."

వేళ్ళతో వీపంతా తడిమారు. దుప్పటి తడిమారు. టూల్‌రూం నాటి అయస్కాంతం తెచ్చి మంచం కింద నేలంతా పాకించారు. పొట్లాల కాగితాలు లెక్కపెడదామంటే పొద్దున్నుంచి వచ్చినవాళ్ళవన్నీ ఒకే బుట్టలో కలిసిపోయాయి. ఆయన మోకాళ్ళ మీద నేల వెతుకుతుంటే నాకు నవ్వు రావడం ఆగిపోయింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆయన ఆవిడ పక్కన నిలబడి, "టీచరమ్మా, మీకు అబద్దం సెప్పను. సూది ఒకటి తక్కువొచ్చినాది. ఇరిగి లోపల ఉండిపోయిందేమో. అక్కడ ఊపిరితిత్తులుంటాయి. ఇప్పుడే ఆసుపత్రికెళ్ళి ఫొటో తీయిద్దాం. తప్పు నాది" అన్నారు.

ఆవిడ ఏడవలేదు. "మా అమ్మాయికి ఫోన్ చెయ్యాలా?" అని మాత్రం అడిగింది. తెరిచిన నోరు నేను మూసేసుకున్నాను.

ఆటోలో వెనక వాళ్ళిద్దరూ, ముందు డ్రైవరు పక్కన నేను. ఒళ్ళో టీచరమ్మ సంచీ. గుంత వచ్చినప్పుడల్లా మాస్టారు, "దాదా, ధీరే, ధీరే" అని డ్రైవరుని మెల్లిగా పొమ్మనేవారు. ఆవిడ, "ఊపిరి తీస్తుంటే ఇక్కడ పట్టినట్టుంది మాస్టారూ" అంది. భయానికి అలా అనిపిస్తుందని నాకు తెలుసు, ఆ ఆటోలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వెనక్కి తిరిగి చూశాను. మాస్టారు తన చేతుల్ని తొడల మధ్య ఇరికించుకుని కూర్చున్నారు. "ఇంక నాను సూది ముట్టుకోను టీచరమ్మా. ఈయేళతో సరి" అన్నారు.

ఎక్స్‌రే గది ముందు బల్ల మీద చెప్పాను.

"మాస్టారూ, ఆ బిళ్ళ నానే తగిలించినాను."

"ఏ బిళ్ళ?"

"పదకొండోది. మీరు ఫోనుకెళ్ళినప్పుడు. సూదులు పదే. అన్నీ వచ్చీసినాయి. సరదాకి సేసినాను మాస్టారూ."

టీచరమ్మ నా వైపు తిరిగింది. "ఒరే, నీకు ఎనిమిదిలో రెండేళ్ళు చాల్లేదురా. మూడో ఏడూ ఉంచాల్సింది" అంది. లేవబోయింది. "పదండి మాస్టారూ, ఇంటికెళ్దాం. వీడి మొహం మండ."

మాస్టారు లేవలేదు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

"కూకోండి టీచరమ్మా. వీడు తగిలించినాడో నేదో నాకేటి తెలుసు? నన్ను ఒడ్డున పడేద్దామని ఇప్పుడు అబద్దం ఆడుతున్నాడేమో. వీడి మాట మీద మిమ్మల్ని ఇంటికి తీసుకుపోలేను."

"మా అమ్మ మీద ఒట్టు మాస్టారూ!"

"మీ అమ్మ మీద నువ్వు ఏసిన ఒట్లు నాను సాలా ఇన్నాను."

నిజం చెప్పాను, అది చెల్లలేదు. మా వరస వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. టీచరమ్మ ఊపిరి తీసినప్పుడల్లా మాస్టారు ఆవిడ పెదవుల రంగు చూస్తున్నారు. ఆవిడని లోపలికి పిలిచారు. ఆ తలుపు మూసుండగా నాకూ పిచ్చి భయం పట్టుకుంది: ఆవిడ వీపులో దిగిన సూదులు నిజంగా పదేనా? నేను లెక్కపెట్టానా, లేక చెక్క మీద పది బిళ్ళలున్నాయి కదా అనుకున్నానా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

ఫొటోలో ఏమీ లేదు. డాక్టరు దాన్ని వెలుగుకి పెట్టి చూసి ఆ మాట చెప్పాక మాస్టారు గోడకి చెయ్యి ఆనించుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

రెండు రోజులు గది తెరవలేదు. మూడో రోజు వెళ్తే మాస్టారి భార్య, మా అందరికీ మాస్టారమ్మ, గుమ్మంలోనే, "సెక్క దించీసినారు బావూ. నీకు ఆడుకోడానికి ఈ ముసిలాయనే దొరికినాడేటి?" అంది. లోపల చెక్క నేల మీద ఉంది. ఆయన దాని ముందు కూర్చున్నారు. కాళ్ళ మీద పడబోయాను.

"ఒద్దు, లెగు. నీ మీద కోపం నిన్నటితో అయిపోయినాది. నా మీదే పోనేదు. పది పెట్టినానని నా సేతికి తెలియాలి గదా? సేతిని నమ్మనేదు, సెక్కని నమ్మినాను. అలాటోడు సూది పట్టుకోవచ్చునేటి?"

"రేపట్నుంచి పడుకున్నోళ్ళని కూడా లెక్కపెట్టమనండి మాస్టారూ. పెట్టినప్పుడు గట్టిగా, తీసినప్పుడు గట్టిగా. అప్పుడు నాలాటి ఎదవ బిళ్ళ తగిలించినా పట్టుబడతాడు" అన్నాను.

ఆయన చెయ్యి చాపి, "నీ బిళ్ళ తియ్యి" అన్నారు.

మాకు ఇప్పుడు వేలిముద్ర హాజరొచ్చినా, నా పాత టూల్‌రూం బిళ్ళ తాళాల గుత్తికే ఉండేది. తీసిచ్చాను. చెక్కని గోడకెత్తి, అన్నిటికన్నా పైన, చివరి మేకుకి దాన్ని తగిలించారు.

"నా దగ్గర నుంచి ఒకటి పట్టుకుపోయినావు. తిరిగి తెచ్చినరోజున దీన్ని తీసుకెళ్ళు."

"ఏటి పట్టుకుపోయినాను మాస్టారూ?"

"పడుకో ముందు. బుజం ఎలాగున్నాది?"

ఆ రోజు నుంచి ఆ గదికి వచ్చినవాళ్ళందరూ లెక్కపెట్టేవారు. బెంగాలీ దీదీలు బెంగాలీలో, మావాళ్ళు తెలుగులో. వారం తర్వాత టీచరమ్మ కూడా వచ్చింది. తలగడలో మొహం పెట్టుకుని, బళ్ళో ఎక్కాలు చెప్పించినట్టు "ఏడు! ఎనిమిది!" అని అరిచేది. నా చెయ్యి మెల్లిగా చెవి దాకా, తర్వాత తల దాకా లేచింది. సూదుల వల్లో, వ్యాయామం వల్లో అని ఆయన్నే అడిగితే, "రెండూ మానకు" అన్నారు.

మొన్న టీ కొట్టు నుంచి నేను వెళ్ళేసరికి ఆయన్ని ముందుగదిలోనే, రోగుల మంచం మీద పడుకోబెట్టారు. చెక్క మీద మేకులన్నీ ఖాళీ. పైన చివర ఒక్క బిళ్ళ. మాస్టారమ్మ నా చూపు చూసి, "తీసుకుపో బావూ, నీదే గదా. ఇంక ఎవరడుగుతారు?" అంది.

కుడిచెయ్యి ఎత్తాను. పైమేకు దాకా నొప్పి లేకుండా లేచింది. వేళ్ళకి బిళ్ళ చల్లగా తగిలింది. బయట టీ కొట్టువాళ్ళు ఇప్పుడు నమ్మి, ఒక్కొక్కరే చెప్పులు విప్పుకుని లోపలికొస్తున్నారు. ఆయన దగ్గర పట్టుకుపోయిన నమ్మకం నేనింకా తిరిగి తేలేదు; బిళ్ళని అక్కడే వదిలి చెయ్యి దించేశాను. అప్పుడే వెనక కట్ట మీద గూడ్సు బండి వచ్చింది. అది దాటిపోయేంతసేపూ ఆ ఒక్క బిళ్ళ చెక్కకి తగులుతూనే ఉంది.