ఫోన్ చేసినంకనే వల

ఒకప్పుడు బాలనర్సమ్మ ఇంటి అరుగు మీద వలలతోనే తెల్లారేది. చాయ్ ఇంకా పొయ్యి మీద ఉండగానే ఎవరో ఒకరు తడి వల తెచ్చి దబ్బున పడేసేవారు. "అంజిలన్నా, బొచ్చె చేప చింపేసి పోయింది, పొద్దుగూకేలోపు అల్లియ్యాలె" అని ఒకరంటే, "వానిదేముంది, ముందు నాది జూడు" అని ఇంకొకరు. ఆమె మొగుడు అంజిలయ్య ఎవరినీ కాదనేవాడు కాదు. అందరికీ చాయ్ తాగించి, అన్ని వలలూ తెచ్చి బాలనర్సమ్మ ముందు కుప్ప పోసేవాడు. దుకాణానికి పేరు ఆయనది, పనికి చెయ్యి ఆమెది. ఇబ్రహీంపట్నం చెరువులో విసిరే వలల్లో ఆమె ముడి పడనివి తక్కువ.

ఇప్పుడు పొద్దున పూట ఆ అరుగు మీద ఒక పిల్లి మాత్రం కాళ్లు చాపుకుని పడుకుంటుంది. వల బాగుచేయించుకోవాలంటే ముందు ఫోన్ చేయాలి. ఆమె రమ్మన్న యాళ్లకు, ఎండబెట్టిన వలతో, ఒక్కరే రావాలి.

అంజిలయ్య పోయిన కొత్తలో వలలు తెచ్చినవాళ్లు వాటితో పాటు ఏడుపు కూడా తెచ్చేవారు. గడపలో కూర్చుని "ఎంత మంచోడు వదినె" అని మొదలుపెడితే గిలాసలో చాయ్ చల్లారిపోయేది. వాళ్లు కళ్లు తుడుచుకుని, తేలికపడి వెళ్లిపోయేవారు. ఆమెకేమో ముడి ఎక్కడ ఆపిందో గుర్తుండేది కాదు. ఒకసారి చేపలు పట్టే పిలగాడు కిష్టా వలకు పెద్ద కండ్లు, అంటే పెద్ద సందులు, ఉండాల్సిన చోట చిన్నవి అల్లి ఇచ్చింది.

"ఏంది చిన్నమ్మా, గీ వలతోని చేపలు పట్టాల్నా, చాయ్ వడవోసుకోవాల్నా?" అని కిష్టా నవ్వుతూనే అన్నాడు. కానీ ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు. మనిషి పోయినా చేతిలో పని ఉందిలే అనుకుని నిలబడింది. ఆ పనీ పాడైతే ఇంకేం మిగులుతుంది?

మరునాడే కోడలు శోభ చేత అట్ట మీద రాయించి తలుపుకు కట్టించింది. ఫోన్ చేసి రావాలె. తడి వల తేవద్దు. ముచ్చట్లు పెట్టొద్దు. కింద దుకాణం నంబరు.

"మూడోది గూడ రాయాల్నా అత్తమ్మా?" అని శోభ నసిగింది.

"అదే పెద్దగ రాయి."

చెరువు గట్టు మీద కొన్నాళ్లు నవ్వులే నవ్వులు. "బాలనర్సమ్మ డాక్టరైంది. వలను పరిగడుపున తేవాల్నా, తినబెట్టి తేవాల్నా?" అని అడిగినవాళ్లున్నారు. అయినా మెల్లగా అందరూ అలవాటు పడ్డారు. పని నిమ్మళంగా, నీటుగా అవుతోందని ఒప్పుకున్నారు కూడా.

ఒప్పుకోనివాడు బుగ్గయ్య ఒక్కడే. అంజిలయ్యా ఆయనా చిన్నప్పటి నుంచి ఒకే తెప్ప మీద తిరిగినవాళ్లు. చెరువు మీద ఆయన మాటకు ఎదురు లేదు.

"నేను ఫోన్ చేసి రావాల్నా వదినె? గీ ఇంటికా?"

"అందరికీ ఒకటే లెక్క బుగ్గయ్యా. జర ఫోన్ చెయ్యి, ఇయ్యాలనే రమ్మంట."

"చెయ్య. సచ్చినా చెయ్య!" అని వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పట్నంలో తయారు వలలు మస్తుగా దొరుకుతున్నాయని, ఇక అందరికీ అక్కడి నుంచే తెస్తానని ఆమెకు వినబడేటట్టు చెప్పి మరీ వెళ్లాడు.

బాలనర్సమ్మకు ఫికరు పట్టుకుంది. బుగ్గయ్య పోతే ఆయన వెనక అందరూ పోతారు, దుకాణం మూసుకోవడమే. పోనీలే అని ఆయన ఒక్కడికి తలుపు తీస్తే, తెల్లారి అరుగు నిండా మళ్లీ అందరూ ఉంటారు. తీయలేక, మూసి ఉంచలేక, సూది పట్టుకుని అలాగే కూర్చుంది.

అక్కడ బుగ్గయ్య మాత్రం పౌరుషంతో తన వల తానే కుట్టుకున్నాడు. చిరిగిన చోట కొత్త కండ్లు అల్లాలి గదా, ఆయన సంచి మూతి బిగించినట్టు అంచులు రెండూ దగ్గరికి లాగి ముడేశాడు. తెప్ప మీద నిలబడి విసిరితే, తాంబాళంలా విచ్చుకోవాల్సిన వల ముద్దలా నీళ్లలో పడింది.

"ఏం కాకా, చేపలకు సలి పెడ్తున్నదని బొంత కప్పుతున్నవా?" అని కిష్టా గట్టు మీది నుంచి అరిచాడు. గట్టంతా పగలబడి నవ్వింది.

ఆ మధ్యాహ్నమే దుకాణం ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"వలలు బాగుచేసే దుకాణమేనా?"

ఆ గొంతు చెవిలో ఒకసారి, తలుపు సందులోంచి ఒకసారి వినబడింది. కిటికీలోంచి చూస్తే, అరుగు మీద పిల్లి పక్కన, వీపు ఇటు పెట్టుకుని బుగ్గయ్య! బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవ్. ఎవలు మాట్లాడేది?"

"బుగ్గయ్య."

"ఏ బుగ్గయ్య? ఏడికెల్లి?"

"ఏడికెల్లేంది? నీ అరుగు మీదికెల్లి!"

"వల ఎండిందా?"

"వల ఎండింది, గొంతు గూడ ఎండింది. చాయ్ పోస్తవా, లేదా?"

"ఇప్పుడైతే ఎవ్వల్లేరు. రా మరి."

లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆమె చాయ్ పోసిచ్చి, వల విప్పి చూసింది. "గిది కుట్టిందెవలు? దండం పెట్టాలె."

"ఉన్నడు తియ్యి ఒకడు, పనికిరానోడు."

ముడులు ఒక్కొక్కటే ఊడదీస్తూ అడిగింది. "నీ ఫోనేమైంది? తెలియని నంబరొచ్చింది."

"అది అసద్ ఫోను. సైకిల్ దుకాణంల అడుక్కొచ్చిన." జేబులోంచి తన ఫోన్ తీసి చాప మీద పెట్టాడు. చూపు పిల్లి మీదికి తిప్పాడు. "నా దాంట్ల నీ దుకాణం నంబరు నొక్కితే అంజిలన్న అని వస్తది వదినె. మస్తుసార్లు తీసిన. గా పేరు కనవడంగనే నొక్కనీకి ఏలు వోలే. మోగుతది గని, ఎత్తేది ఆయన కాదాయె."

ఆమె సూది ఆగింది. దుకాణం నంబరు అంజిలయ్యదే. అందరికీ తెలిసినదని మార్చలేదు. అది ఎవరి ఫోన్‌లో ఏ పేరుతో వస్తుందో ఆమెకు తట్టనే లేదు. పౌరుషం అనుకుంది ఇన్నాళ్లూ. సూది పక్కన పెట్టి లేచి, ఆయన గిలాసలో ఇంకొంచెం చాయ్ పోసింది.

వల పూర్తయ్యాక బుగ్గయ్య రెండు చేతులా విప్పి, వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

"పట్నం వలలు తెస్తానంటివి?"

"గవి వలలా? దోమతెరలు!" గడప దాటబోతూ ఆగి, ఆ పేరు తీసి ఫోన్ ఆమెకు చాపాడు. "శోభను పిలిచి గా పేరు మార్పియ్యరాదు? బాలనర్సమ్మ అని పెట్టమను. రేపటికెల్లి దీంట్లకెల్లే చేస్త."

ఆమె ఫోన్ అందుకుంది. అంజిలన్న. ఆ మాత్రం చదవగలదు. పేరు పక్కనే చిన్న ఫోటో, అందులో అంజిలయ్య రెండు చేతులా కొర్రమట్ట చేప పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. శోభ వంటింట్లోనే గిన్నెలు తోముతోంది, ఒక్క కేకేస్తే వస్తుంది.

కేకేయలేదు. ఫోన్ కొంగుతో తుడిచి, తిరిగి బుగ్గయ్య చేతిలో పెట్టింది.

"ఇయ్యాల నీ టైం అయిపోయింది బుగ్గయ్యా. పేరు సంగతి మల్లొచ్చినప్పుడు జూద్దాం. ఫోన్ చేసి రా."

"ఏ ఫోన్లకెల్లి చెయ్యాలె?"

"అసద్ ఫోన్లకెల్లే."