తొమ్మిదో రోజు సూది

మా ఆవులను చూసిన పశువుల డాక్టరు గారు మొన్న మంగళవారం పోయారు. ఫోన్‌లో ఆ మాట విని దాణా కలుపుతున్నదాన్ని కొట్టంలోనే పని వదిలేశాను. ఆ పూట పాలు మా ఇంటాయనే పిండాడు.

నల్లగొండ నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో నాలుగు ఆవులతో బతుకుతున్న రోజులవి. బయట తెలంగాణ కోసం రోజుకో రాస్తారోకో, ఇంట్లో మా ఎర్రావు గోల. మూడు వారాలకోసారి రావలసిన ఎద దానికి వారం తిరక్కుండా వచ్చేది. అరుపులు, పక్క ఆవుల మీద ఎక్కడాలు. ఎద గట్టిగా ఉందని మురిసిపోయి వచ్చినప్పుడల్లా చూడి కట్టడానికి వీర్యం ఎక్కించే ఎద సూది వేయించాం. నాలుగుసార్లయినా చూడి కట్టలేదు. గొడ్డుపోయింది, అమ్మేద్దామన్నాడు మా ఇంటాయన. కొన్నవాడు ఎక్కడికి తోలుకుపోతాడో నాకు తెలుసు. దూడప్పటి నుంచి నేను సాకిన ఆవు అది.

చివరికి ఎల్బీనగర్‌లో ఉండే ఈ డాక్టరు గారిని పిలిచాం. కోస్తా మనిషి. టీ ఇస్తే, ముందు ఆవుకు నీళ్లు పెట్టారా అని అడిగే మనిషి. ఆవు లోపల చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చూశారు.

"అండాశయం మీద నీటితిత్తి ఉందమ్మా. అండం విడుదల కావట్లేదు. ఎన్ని ఎద సూదులేసినా దండగే. ఇది గొడ్డు కాదు, జబ్బు. నయమవుద్ది."

ఒక మందు సూది వేసి, తొమ్మిదో రోజు మళ్లీ వచ్చి రెండోది వేస్తానన్నారు. రెండో సూది ఇప్పుడే ఇచ్చిపొమ్మంటే, చెయ్యి పెట్టి చూడకుండా ఇవ్వనన్నారు. "ముందు చెయ్యి, తర్వాతే సూది" అనేది ఆయన మాట.

తొమ్మిదో రోజు బంద్. ఆంధ్రా సారు ఇవాళ గడప దాటడని నేనే అన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన నడిచే వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బైఠాయించినవాళ్లలో మా ఇంటాయన ముందు వరుసలో ఉన్నాడు.

"ఇయ్యాల బంద్ గద సార్, ఎటు పోతున్రు?"

"మీ ఇంటికే బాబూ. బంద్ సంగతి ఆవుకేం తెలుసు? ఇవాళ తొమ్మిదో రోజు."

మా ఇంటాయన జెండా పక్కవాడికిచ్చి, ఆయన సంచి భుజాన వేసుకుని ఇంటికి తీసుకొచ్చాడు. డాక్టరు గారు చెయ్యి పెట్టి చూసి, మందు పనిచేసి తిత్తి గట్టిపడిందని రెండో సూది వేశారు. మూడు రోజులకు ఎద వచ్చింది. ఈసారి ఎద సూది ఆయనే వేశారు.

మూడు నెలలకు చూడి పరీక్షకు వచ్చారు. చెయ్యి పెట్టి మళ్లీ కళ్లు మూసుకున్నారు.

"జర చెప్పున్రి సార్, పానం ఆగుతలేదు" అన్నాను.

"ఉందమ్మా" అన్నారు మెల్లగా.

కడుక్కోవడానికి నీళ్లు పోశాను. చెంబు ఖాళీ అయినా ఆయన చేతులు అలాగే చాపి, ఎర్రావునే చూస్తూ నిలబడ్డారు.