ఏ-ఫోర్ ఓట్లు, లెటర్ ఓట్లు

అమెరికాలోని ఎడిసన్‌లో మా తెలుగు సంఘానికి ఆ ఏడాది ఎన్నికల అధికారిని నేనే. ఉన్న రెండు వర్గాల్లో ఎవరికీ పనికిరాకపోవడమే నా అర్హత. అంతకుముందు ఎన్నికలో ఓట్లు చేత్తో లెక్కపెట్టారు. అది కాస్తా చేయి చేసుకునేదాకా వెళ్లింది. ఈసారీ లెక్క దగ్గర గొడవైతే సంఘం రెండుగా చీలడం ఖాయం. అందుకని ఓట్లు లెక్కపెట్టే స్కానర్ అద్దెకు తెచ్చాను.

పెళ్లి కార్డుల అలవాటుకొద్దీ బ్యాలెట్లు హైదరాబాద్‌లో అచ్చు వేయించాం. సెక్రటరీగారి అమ్మగారు వాటిని సూట్‌కేసులో తెస్తుంటే విమానాశ్రయంలో బరువు ఎక్కువైందట. సగం బ్యాలెట్లు తీసేసి, గోంగూర పచ్చడి ఉంచారు. నేనైనా అదే చేసేవాణ్ణి. ఆ సగం ఇక్కడ ప్రింట్ చేయించాను, కాగితం ఎక్కడైనా కాగితమే కదా అనుకుని.

కాదు. అక్కడిది ఏ-ఫోర్, ఇక్కడి లెటర్ సైజు కంటే కాస్త సన్నం, కాస్త పొడుగు. పోలింగ్ అయ్యాక అన్నీ కలిపి పెడితే, మెషీన్ ఇక్కడివి బుద్ధిగా మింగి, అక్కడివి వంకరగా లాగి కక్కేసింది. నాకు నా వీసా ఇంటర్వ్యూ గుర్తొచ్చింది.

"సైజుల వారీగా విడదీయాలండీ. ముందు లెటర్‌వి స్కాన్ చేస్తాను," అన్నాను.

ప్రెసిడెంట్ అభ్యర్థులిద్దరూ లేచి వచ్చారు.

"అవే ముందెందుకు?" అన్నారు ఒకాయన.

"ఏవి ముందైనా టోటల్ ఒకటేనండీ."

"ఒకటే అయితే వాటి మీద మీకంత ఇంట్రెస్టేంటి?" అన్నారు రెండో ఆయన.

లెటర్ కట్ట సాఫీగా పోయింది. మెషీన్ జాబితాలో ఏ-ఫోర్ లేదు. కొలతలు నన్నే ఇమ్మంది. హాల్లో అందరూ ఇంజినీర్లే, స్కేలు ఒక్కరి దగ్గరా లేదు. సెక్రటరీగారి అమ్మగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి జాకెట్ల కొలతలు తీసే టేపు బయటికి లాగారు.

"బిగించి పట్టు నాయనా, వదులైతే కొలత తప్పుద్ది."

ఆవిడ చెప్పిన సెంటీమీటర్లు మెషీన్‌కి ఎక్కించి, ట్రే అంచులు కాగితానికి ఆనేలా జరిపాను. మిగతా కట్ట కూడా దిగింది. ఐదు నిమిషాల్లో ఫలితం వచ్చేసింది. తేడా మూడు ఓట్లు.

"ఇంత ఫాస్ట్‌గా ఎలా వస్తుందండీ? చేత్తో లెక్కపెట్టండి," అన్నారు ఓడిన ఆయన. మెజారిటీ పెరుగుతుందేమోనని గెలిచినాయనా తలూపారు.

అందరి ముందూ పైకి చదువుతూ లెక్కపెట్టాను. తేడా రెండొచ్చింది. వెనక వరసలో కుర్చీలు కదిలాయి. మళ్లీ లెక్కపెట్టాను. నాలుగు. ఇక అమ్మగారే వచ్చి పక్కన కూర్చుని, పదేసి చొప్పున దొంతర్లు పెట్టారు. మూడే.

"మెషీన్ కరెక్టేనండీ. ప్రాబ్లమ్ ఈయనతోనే," అన్నారు ఓడిన ఆయన.

"అది నేను మార్నింగే అనుకున్నా," అన్నారు గెలిచినాయన.

వాళ్లిద్దరూ ఒక మాట మీదకు రావడం నేను చూడటం అదే మొదలు. నన్ను తిట్టుకుంటూ కలిసే భోజనాలకు నడిచారు. సంఘం చీలలేదు. భోజనాలయ్యాక, వచ్చేసారికి వేరే అధికారిని పెట్టాలని తీర్మానించారు. ఏకగ్రీవం కాబట్టి, దాన్ని నేను కూడా లెక్కపెట్టగలిగాను.