క్షమాపణ రోజు టీ

దక్షిణాఫ్రికాలోని రీట్‌క్లోఫ్ ఊళ్లో సీనా ప్లాట్కీస్ చేతి కుక్‌సిస్టర్లనే మిఠాయిలు తినని తెల్లవాళ్లు లేరు. పిండిని జడలా అల్లి, నూనెలో దోరగా వేయించి, తీసీ తీయగానే మంచులా చల్లబరిచిన పాకంలో ముంచాలి. కాస్త ఆలస్యమైతే పాకం లోపలికి దిగదు. తెల్లవాళ్ల చర్చిలో ఏ వేడుకైనా పళ్లేలు ఆమె ఇంటి నుంచే వెళ్లేవి. ఆమె మాత్రం వెనక వంటింటి దాకానే.

ఆ చర్చి మహిళా సంఘానికి ఇప్పుడు పెద్ద అయిన హెస్టర్‌ను పెంచింది సీనాయే. బాప్తిస్మం నాడు పాపకు తెల్లగౌను తొడిగి చర్చి గుమ్మం దాకా ఎత్తుకెళ్లింది. అక్కడ తల్లి అందుకుంది, తలుపు మూశారు. నల్లవాళ్లకూ మిశ్రమ జాతివాళ్లకూ లోపల చోటు లేదన్నది అప్పటి నియమం. లోపల పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే సీనా ఎండలో నిలబడి వింది.

నియమం పోయాక, క్షమాపణ చెప్పాలా వద్దా అని పెద్దలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ముందు ‘పాపం’ అని రాశారు. సమాధుల్లోని తాతలు నొచ్చుకుంటారని ‘పొరపాటు’గా మార్చారు. చివరికి ‘ఆనాటి పరిస్థితులు’ దగ్గర రాజీ కుదిరింది. ఆదివారం చర్చిలో అది చదివాక ఊరందరికీ టీ ఇవ్వాలనుకున్నారు.

“ఆదివారం నీ కుక్‌సిస్టర్లు ఉండాల్సిందే ఆయా!” అంది హెస్టర్ వచ్చి. “టీ కూడా నువ్వే చూసుకో.”

“క్షమాపణ ఎవరికి అమ్మాయిగారూ?”

“మీకే కదా!”

“నేను వంటింట్లో ఉంటే ఎలా వింటాను?”

“అక్కడ స్పీకరు పెట్టిస్తున్నాంలే.”

పక్కింటి ఫ్రెకీ కడుపు పట్టుకుని నవ్వింది. “క్షమాపణకు ఏళ్లు పట్టింది గానీ టీ ఎవరు కాచాలో చిటికెలో తేల్చేశారే అక్కా! మానెయ్యి, కుక్‌సిస్టర్లూ వద్దు, ఏమీ వద్దు.”

“చేస్తానన్న పని చేస్తాను. కానీ ఆ మాట లోపల కూర్చుని వింటాను. గోడవతల నిలబడి విన్నది చాలు.”

ఆదివారం ఆమె పళ్లేలు వంటింట్లో పెట్టి, బట్ట కప్పింది. ఏప్రన్ విప్పి, టోపీ సర్దుకుని, చుట్టూ తిరిగి ముందు తలుపులోంచి వెళ్లి హెస్టర్ పక్కనే కూర్చుంది.

“ఆయా, నీళ్లు పెట్టావా?” హెస్టర్ గుసగుసగా అడిగింది.

“లేదమ్మా.”

పాస్టరు కాగితం విప్పుతున్నాడు. ఊరంతా టీకి వస్తుంది. హెస్టర్ అటూ ఇటూ చూసి, గబగబా లేచి వంటింట్లోకి పరుగెత్తింది. సీనా ప్రతి మాటా విన్నది. పరిస్థితుల గురించి చాలాసేపు చదివాక, కాగితంలో ఉందో లేదో గానీ, పాస్టరు తలెత్తి “క్షమించండి” అన్నాడు.

ప్రార్థన ముగిసి అందరూ టీకి చేరిన హాల్లోకి హెస్టర్ చెమటలు కక్కుతూ, చేతిలో కప్పుతో వచ్చింది. “కెటిల్ మోతకు ఒక్క ముక్కా వినపడలేదు ఆయా. ఏమన్నారు?”

“క్షమించమన్నారు.”

“మరి నువ్వేమన్నావు?”

“ఇంకా ఏమీ అనలేదు. ముందా టీ ఇటివ్వు తల్లీ, తాగి ఆలోచిస్తాను.”