సరిహద్దు రైతులకు అభ్యంతరం లేదు

మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. బందరు ఎండలకి మధ్యాహ్నం పూట మా ఆఫీసులో అటెండరు రాణి అందరికీ మజ్జిగ కలుపుతుంది. ఈరోజు ఫోనులో మాట్లాడుతూ రెండుసార్లు ఉప్పు వేసినట్టుంది. మిగతావాళ్లు ముఖం చిట్లించి గ్లాసులు పక్కన పెట్టేశారు. నేను మాత్రం తాగిన గుక్కని కాసేపు నాలుక మీదే ఉంచుకున్నాను. ఎదురుగా బల్ల మీద నాగాయలంక వైపు నుంచి వచ్చిన రొయ్యల చెరువు దరఖాస్తు తెరిచి ఉంది. మూడో పేరాలో, ఇలాంటి దరఖాస్తులన్నింటిలోనూ ఉండే వాక్యమే ఉంది: ‘సరిహద్దు రైతులకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.’ నాలుక మీద ఉప్పు, కళ్ల ముందు ఆ వాక్యం. ఈ రెండూ కలిస్తే నాకు నాంచారయ్య గారు గుర్తుకు రాకుండా ఉండరు.

ఆయన బందరులో ప్రభుత్వ ఆఫీసుల గోడకి ఆనించి వేసుకున్న రేకుల పంచలో కూర్చుని అర్జీలు రాసేవారు. ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక తెలుగు టైపు మిషను, దాని వెనక నేను. డిగ్రీ అయ్యాక సర్వీసు కమిషను పరీక్షలకి చదువుకుంటూ ఆయన దగ్గర మూడేళ్లు టైపు చేశాను. మా నాన్నకి స్నేహితుడు కాబట్టి మావయ్యగారూ అని పిలిచేదాన్ని. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఇస్త్రీ చొక్కా జేబులో కలంతో పాటు ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టిన పసుప్పచ్చ కాగితం ఒకటి ఉండేది. అది ఆయన పార్టీ ప్రణాళిక. పార్టీ పేరు చెప్పినా మీరు విని ఉండరు, అందుకని చెప్పను. మొత్తం జిల్లాలో సభ్యులందరినీ ఒక్క ఆటోలో ఎక్కించవచ్చు, డ్రైవరు పక్కన ఇంకొకరికి చోటు కూడా మిగులుతుంది.

ఆ కాగితంలో ఉన్నదల్లా ఇంతే. ప్రభుత్వం కోర్టులు నడపాలి, దొంగల్ని పట్టుకోవాలి, ఒకరి వల్ల ఒకరికి నష్టం జరిగితే ఆపాలి. ఆ పైన పక్కకి తప్పుకోవాలి. రైతు తన పొలంలో ఏం వేయాలో, తన పంట ఎవరికి అమ్మాలో రైతే తేల్చుకోవాలి. ఎవరికీ హాని లేని పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పన్నులు తక్కువ, ఫారాలు ఇంకా తక్కువ. పొద్దున్నే పంచ తెరవగానే ఆయన ఇది పూజలాగా ఒకసారి చదువుకుని, ఆ తర్వాత సాయంత్రం దాకా జనానికి అనుమతుల కోసం అర్జీలు రాసేవారు. ఇదేం విడ్డూరమండీ అని మొదటి వారంలోనే అడిగేశాను.

“మా పార్టీ గెలిస్తే ముందు పస్తుండేది నేనేనమ్మాయ్. అందుకే నా మాట నమ్మొచ్చు” అన్నారు.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఎవరు వచ్చినా కాగితం మిషనులో పెట్టనిచ్చేవారు కాదు. ముందు కూర్చోబెట్టి, ఈ పని మీరు చేసుకుంటే నష్టపోయేది ఎవరండీ అని అడిగేవారు. గిలకలదిండి నుంచి ఒకసారి ఎండుచేపలు అమ్మే ఆవిడ వచ్చింది. ఆమె గంప పెట్టుకునే చోటు నుంచి లేపేశారట. ఆయన ప్రశ్న విని ఆవిడ, ఎవరూ లేరయ్యా, వాసన పడని వాళ్లు ఆ పక్కకి రారు అంది. ఆయన ఆ మాటని ఉన్నదున్నట్టు అర్జీలో పెట్టమన్నారు. పెట్టాను. పైన కూర్చున్న ఆఫీసరు చదివి నవ్వుకుని సంతకం చేశారని తర్వాత తెలిసింది. నష్టం ఎవరికో ఉందని తేలితే మాత్రం నాంచారయ్య గారు, ముందు వాళ్లతో మాట్లాడి రండి అని పంపేసేవారు. అలా వెళ్లినవాళ్లలో సగం మంది పక్క పంచకి వెళ్లి రాయించుకునేవారు. నాకు ఒళ్లు మండేది. ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

గుడివాడలో రెండు నెలలకోసారి పార్టీ సమావేశం జరిగేది. ఒక రైసుమిల్లు వెనక గదిలో. మినిట్సు రాయడానికి నన్నూ తీసుకెళ్లేవారు. ఒకసారి మిల్లుకి ధాన్యం తోలిన పెద్దాయన ఒకరు గుమ్మంలో నిలబడి అంతా విని, మరి మా పొలాలకి నీళ్లొచ్చే కాలువలు ఎవరు తవ్వించారండీ, మీ పార్టీయా అని అడిగాడు. గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాంచారయ్య గారు మాత్రం తడుముకోకుండా, నిజమేనండీ, ఇది మేం ఇంకా తేల్చుకోలేదు అని ఒప్పేసుకున్నారు. తిరుగు బస్సులో, అలా ఒప్పుకుంటే పార్టీలో ఎవరు చేరతారని విసుక్కున్నాను. చేరినవాడు మర్నాడు మానేసే కంటే చేరకపోవడమే మేలు కదా అని కిటికీ వైపు తిరిగిపోయారు. ఒకసారి అసెంబ్లీకి నిలబడ్డారు కూడా. డిపాజిట్టు దక్కలేదు. ఆ ఓట్లు వేసిన వాళ్లెవరో నాకు తెలుసు, అందులో నేనూ ఉన్నాను.

అలాంటి పార్టీలోకి నాగాయలంక నుంచి శ్రీహరి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. చదువుకున్నవాడు, హుషారైనవాడు. పసుప్పచ్చ కాగితం ఒక్కసారి చదివి, ఇన్నాళ్లూ నేను అనుకుంటున్నదే మీరు రాశారండీ అన్నాడు. ఆరోజు నాంచారయ్య గారి ముఖం చూడాలి. అంత సంబరం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. శ్రీహరికి సముద్రపు పాయ పక్కన మూడెకరాలుంది, వరి గిట్టడం లేదు, రొయ్యల చెరువు తవ్వుకోవాలి, దానికి అనుమతి కావాలి. మావయ్యగారు రెండు పేజీల అర్జీ చెప్పారు, నేను టైపు చేశాను. అంత బాగా కుదిరిన అర్జీ ఆ పంచలో మళ్లీ రాలేదు. సొంత భూమి మీద సొంత నిర్ణయం గురించి అందులో ఆయన రాయించిన వాక్యాలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

కానీ ఆరోజు ఆయన తన ప్రశ్న అడగలేదు. మన పార్టీ కుర్రాడే కదా అనుకున్నారో, సంబరంలో మరిచిపోయారో. మూడో పేరా దగ్గర ఆయన ఆగి, ఇక్కడ మామూలుగా ఉండేవి పెట్టెయ్ అన్నారు. మామూలుగా ఉండేవంటే సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, ఆ తర్వాత సరిహద్దు రైతులకు అభ్యంతరం లేదన్న వాక్యం. నా వేళ్లు చూడకుండానే కొట్టేశాయి. అలాంటివి అప్పటికి వందల్లో కొట్టి ఉంటాను. అనుమతి తొందరగానే వచ్చింది, శ్రీహరి పూతరేకుల డబ్బా పట్టుకొచ్చాడు, నేను నాలుగు తిన్నాను.

వినాయక చవితి వెళ్లిన వారానికి వీరాస్వామి అనే రైతు పంచలోకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. చేతిలో కూల్‌డ్రింకు సీసా ఉంది, అందులో మసక నీళ్లు. ఎకరం ముప్పై సెంట్లు ఉందని, అది తప్ప ఇంకేమీ లేదని, నాట్లు వేసి నెల తిరక్కుండానే గట్టు పక్కనుంచి వరి మాడిపోతోందని చెప్పాడు. ఆకుల కొనలు ఎర్రబడ్డాయట, నేల మీద తెల్లటి పొర కట్టిందట. ఆ ఏడు వానలు కూడా సరిగా లేవు. పక్క చేలో రొయ్యల చెరువు తవ్వి పాయలోంచి ఉప్పునీళ్లు తోడి నింపారు, ఆ నీళ్లు గట్టు కింద నుంచి ఊటగా తన చేలోకి దిగుతున్నాయి. అర్జీ రాయాలి. బాగా రాస్తారని అవనిగడ్డలో ఎవరో చెబితే వచ్చాడు.

చెరువు ఎవరిదని నాంచారయ్య గారు అడిగారు. వీరాస్వామి శ్రీహరి పేరు చెప్పాడు. నా చేతులు మిషను మీద నుంచి ఒళ్లోకి జారిపోయాయి. మావయ్యగారు సీసా మూత తీసి, కొంచెం అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకున్నారు. ఉమ్మలేదు, మింగేశారు. తర్వాత సీసా నా చేతికిచ్చారు. నేనూ ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను.

“చెరువు తవ్వే ముందు మిమ్మల్ని ఎవరన్నా అడిగారా?” అన్నారాయన.

“ఏ సంగతండీ?” అన్నాడు వీరాస్వామి.

నిజంగానే అతనికి అర్థం కాలేదు. అడగడమనేది ఒకటి ఉంటుందనే అతను ఎరగడు. నాంచారయ్య గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ చెరువు అర్జీ రాసింది తనేనని, మీకు అభ్యంతరం లేదని కూడా తనే రాశానని చెప్పారు. వీరాస్వామి తిట్టి వెళ్లిపోతాడనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. అతను, “అయితే ఎట్టా రాయాలో మీకే బాగా తెలుస్తుందండీ” అన్నాడు. సిగ్గుతో నా మెడ వంగిపోయింది. ఆ వాక్యం ఆయన చెప్పలేదు, కొట్టింది నేను. ఆ మాట అంటే ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున్న బస్సుకి ఆయనా నేనూ నాగాయలంక వెళ్లాం. గట్టు మీద నిలబడితే ఒకవైపు చెరువు నిండుగా, ఇంకోవైపు చేను సగం దాకా ఎర్రగా కనిపించింది. శ్రీహరి మర్యాదగానే మాట్లాడాడు. చెరువుకీ చేనుకీ మధ్య ఊటకాలువ తవ్వి, గట్టు వెనక్కి జరుపుకుంటే సరిపోతుందని, ఇద్దరి మధ్య ఒప్పందం తనే రాసిపెడతానని మావయ్యగారు చెప్పారు. అంత స్థలం వదులుకుంటే గిట్టదన్నాడు శ్రీహరి. చేతిలో అనుమతి ఉంది, భయమెందుకు?

“నా భూమి, నా ఇష్టం. మీ కాగితంలో ఉన్నదేగా మాస్టారూ?”

“భూమి నీదేనయ్యా. ఊట నీ హద్దు దాటింది. దాటింది నీది కాదు, నాది కూడా కాదు. ఆ కాగితం సగమే చదివావు. నేనూ సగమే చదివి నీకు రాసిచ్చాను.”

శ్రీహరి ఒప్పుకోలేదు. బందరు వచ్చిన సాయంత్రమే ఆయన వీరాస్వామి తరఫున అర్జీ చెప్పారు. చివర్లో ఒక పేరా తన తరఫున చేర్చారు. ఫలానా చెరువు దరఖాస్తులో సరిహద్దు రైతుకు అభ్యంతరం లేదన్న మాట విచారించకుండా రాసినదని, రాసిన వ్యక్తి తనేనని, అది అబద్ధమని. కింద సంతకం చేశారు. ఇలా రాస్తే రేపటి నుంచి మన పంచకి ఎవరొస్తారని గొడవపడ్డాను. తన అర్జీ అబద్ధమని తనే రాసిచ్చే మనిషి దగ్గర ఎవరు అర్జీ రాయిస్తారు? ఆయన రెండో ప్రతి కూడా తీయమన్నారు. నేనన్నట్టే జరిగింది. దసరా వెళ్లేసరికి మా బెంచీల మీద పక్క పంచలో రాయించుకునే జనం చెప్పులు విప్పుకుని కూర్చునేవారు.

అనుమతి పరుగెత్తుకొచ్చినంత తొందరగా విచారణ రాలేదు. నష్టాన్ని ఆపడం ఒక్కటే చేయమంటే అదొక్కటే చేయరు చూడు అని ప్రభుత్వం మీద మండిపడుతూ, ఆయన ప్రతి సోమవారం ఆ అర్జీ కోసం మెట్లెక్కి దిగారు. అన్నేళ్లలో ఆయన ప్రభుత్వం రావాలని ఎదురుచూడటం అప్పుడే చూశాను. నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. ఆఫీసర్లు వచ్చి కొలిచేసరికి సంక్రాంతి దాటింది. ఊటకాలువ తవ్వించారు, గట్టు జరిపించారు. వీరాస్వామి ఆ పంట పూర్తిగా పోగొట్టుకున్నాడు. కాలువ నీళ్లు పెట్టి కడిగి కడిగి, రెండు వర్షాకాలాలు గడిచాక గాని ఆ నేల మళ్లీ వరి మొలవనివ్వలేదు. ఆ రెండేళ్లూ అతను కూలికి వెళ్లాడు. శ్రీహరి పార్టీ మానేశాడు.

తర్వాత గుడివాడ సమావేశంలో నాంచారయ్య గారు జరిగిందంతా చెప్పి, ప్రణాళికలో ఒక వాక్యం చేర్చాలన్నారు. వాదన సాయంత్రం దాకా సాగింది. చివరికి ఆ వాక్యం ఒప్పుకున్నారు. కొత్త పసుప్పచ్చ కాగితం మీద నేనే టైపు చేశాను: ‘పక్కవాడిని అడగాలి. అడిగామని రాయడం అడగడం కాదు.’ ఆయన జీవితంలో గెలిచిన ఓటు అదొక్కటే.

నాకు ఈ ఉద్యోగం వచ్చిన రోజు స్వీట్లు తీసుకుని పంచకి వెళ్లాను. ప్రభుత్వాన్ని తగ్గిద్దామని ఇన్నేళ్లు కష్టపడితే నా మిషను దగ్గరే ప్రభుత్వంలో ఒకరు పెరిగారా అని నవ్వారు. తర్వాత, “వచ్చినవాళ్లని తొందరగా పంపించెయ్. రానివాళ్ల గురించి మాత్రం ఆలస్యం చెయ్” అన్నారు. అప్పుడు సరిగా అర్థం కాలేదు. నాలుగేళ్లకి ఆయన పోయారు. శ్మశానానికి వచ్చినవాళ్లలో పార్టీవాళ్లు ఐదుగురు. వీరాస్వామి కూడా వచ్చాడు, నా పక్కనే నిలబడ్డాడు.

ఆయన పార్టీ చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. కాలువల సంగతి నాకూ తేలలేదు. ఈ కుర్చీలో కూర్చున్నాక కొన్ని అనుమతులు ఎందుకు ఉండాలో తెలిసింది, కొన్ని ఎందుకున్నాయో ఇప్పటికీ తెలియదు. ఎవరికీ నష్టం లేని ఫైలు నా బల్ల మీద రెండో రోజు ఉండదు, అందుకు మా సెక్షనులో నాకు మంచి పేరే ఉంది. సరిహద్దు రైతు ఉన్న ఫైలు దగ్గర మాత్రం నాకు చెడ్డపేరు. గడువు రేపటితో అయిపోతుంది, ఆఫీసర్లందరి సంతకాలూ ఉన్నాయి, పంపించెయ్యండి మేడమ్ అని పక్క సీటాయన ఇప్పుడే చెప్పి వెళ్లాడు.

మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, హద్దుల్లో తూర్పు వైపు రాసి ఉన్న పేరు చూశాను. ఆ ఊరి ఆఫీసుకి ఫోను చేసి ఆ రైతు నంబరు సంపాదించడానికి అరగంట పట్టింది. ఎవరో పెద్దాయన తీశారు. వెనక ఎక్కడో మోటారు చప్పుడు. నేను ఎవరినో, ఎందుకు చేశానో చెప్పి, మీ పక్కన చెరువు తవ్వుతున్నారట, మీకేమీ అభ్యంతరం లేదు కదండీ అని అడిగాను.

“ఏ చెరువండీ?” అన్నారాయన.

ఫైలు మూసి, రేపు పొద్దున్న బస్సుకి వస్తున్నానని చెప్పాను.