నేల మీద ఉన్నవాణ్ని అడగమన్న నూకమ్మ

దువ్వాడలో నేను అద్దెకిచ్చే వాటాకు ఈ ఉదయం సున్నం వేయిస్తున్నాను. తడి సున్నం వాసన రాగానే నూకమ్మ గుర్తొచ్చింది. ఆమెతోపాటు, ఇన్నేళ్లుగా ఎవరూ పట్టించుకోని నా ప్రశ్న కూడా. పాత ఆఫీసు మిత్రులకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కరూ బదులివ్వలేదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

డెబ్భైల చివర్లో పోర్టులో గుమాస్తా ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చాను. సముద్రపు ఒడ్డు పేటలో నూకమ్మకు అద్దెకిచ్చే నాలుగు గదులుండేవి. భర్త వేటకు వెళ్లేవాడు, ఆమె చేపలమ్మేది. అప్పుడే సున్నం వేసిన గది చూపించి, తాళం మాత్రం ఇవ్వలేదు.

"ఇదివరకు ఏ ఇంట్లో ఉన్నావు బాబూ? ఎందుకు ఖాళీ సేసినావు? నాను ఆళ్లని అడిగొత్తాను."

ఆఫీసు ఉద్యోగిని మూడు రోజులు వీధిలో నిలబెట్టిందని నాకు కోపం. ఆ మాటే అంటే నవ్వింది. "నువ్వు కూడా నా గదుల్లోంచి ఎల్లిపోయినోళ్లని అడుగు. ఉన్నోళ్లు మొగమాటానికి సెప్పరు." అడిగాను. వర్షాకాలం మూల గది కారుతుందని తెలిసింది. నేను వేరే గది తీసుకున్నాను.

ఎనభైల మొదట్లో ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని కూర్మన్నపాలెం చుట్టూ స్థలాల మీద అందరికీ ఆశ పుట్టింది. మా సెక్షన్లో నేనూ, మరో తొమ్మిదిమందీ కలిసి ఒకే చోట కొనాలనుకున్నాం. పెద్దవాడని సుబ్బారావుగారు ముందు నడిచారు. ఆ స్థలం కాగితాల నకలు నూకమ్మకు చూపించి గొప్పగా చదివాను.

"కాయితం ఎవుడైనా సూపిత్తాడు. ఆ నేల ఇప్పుడు ఎవుడు దున్నుతన్నాడు?"

నాకు తెలియదు. మర్నాడే బస్సెక్కించి తీసుకెళ్లింది. ఉలవ చేలో ఒక ముసలాయన కలుపు తీస్తున్నాడు. ఇది అమ్మకానికుందా అని ఆమె అడగలేదు.

"వచ్చే ఏడు ఏటేత్తావు అన్నయ్యా?"

"నువ్వులేత్తానమ్మా. మా తాత నాటి నుంచి మామే సేత్తన్నాం."

 వచ్చే ఏడు పంట గురించి మాట్లాడేవాడికి ఆ అమ్మకం సంగతే తెలియదని నాకప్పుడు అర్థమైంది.

మర్నాడు క్యాంటీన్లో చెప్పాను. అక్కడ సాగుదారున్నాడు, వెళ్లి అడగండి అన్నాను. "చేపలావిణ్ని లాయరుగా పెట్టుకున్నావా ఏమిటయ్యా?" అన్నారు సుబ్బారావుగారు. బల్లంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ మరిచిపోలేదు. నేను తప్పుకున్నాను. వాళ్లు కొన్నారు. స్థలం ఎవరో ఒకరు చూసే ఉంటారని ప్రతివాడూ అనుకున్నాడట. హద్దురాళ్లు పాతడానికి వెళ్తే ముసలాయన కుటుంబమంతా అడ్డంగా నిలబడింది. ఆ తరవాత ఏళ్ల తరబడి కోర్టు.

నేను దువ్వాడలో కొన్నాను. కొనేముందు నూకమ్మ చెప్పినట్టే పొలం చేసేవాణ్ని, పక్క హద్దులవాళ్లను అడిగాను. నీళ్లెటు పోతాయో చూడటానికి జోరువానలో వెళ్లి నిలబడ్డాను. రిజిస్ట్రారు ఆఫీసులో పాత లావాదేవీలు వెతికించాను. ఇప్పుడు అద్దెకొచ్చే వాళ్లకు, ఖాళీ చేసి వెళ్లినవాళ్ల అడ్రసు నేనే ఇస్తాను.

కానీ సుబ్బారావుగారి రిటైర్మెంటు సభలో కథ మారింది. "మనవాడికి ముందే తెలుసు. తనొక్కడూ తప్పించుకున్నాడు," అన్నారాయన మైకులో. జవాబు చెప్పడానికి నేను లేచాను. భోజనాలకు వేళైందన్నారు.

పేటకెళ్లి నూకమ్మతో చెప్పుకున్నాను. నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను.

"ఆళ్లకి ఎన్నిసార్లు సెప్పినావు?"

"ఒకసారి."

"నవ్వినారని మరి సెప్పలేదేటి?"

 ఆమె పోయి చాలా ఏళ్లయింది, ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడే రాస్తున్నాను. నేను క్యాంటీన్లో చెప్పేనాటికి వాళ్ల రిజిస్ట్రేషనుకు ఇంకా రెండు వారాల గడువుంది. ఉక్రోషంతో నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను.

ఇక మీ వంతు. సుబ్బారావుగారూ, ఆ బల్ల దగ్గర కూర్చున్న మిగతా ఎనిమిదిమందీ, ఆ ఒక్కసారి నేను చెప్పానా, లేదా? అవుననో కాదనో ఒక్కరైనా జవాబివ్వండి.